అడగని ప్రశ్నకు మార్కులు

మాస్టారు పోయారన్న కబురు పరీక్ష పేపర్లు దిద్దుతుండగా వచ్చింది. గుడివాడలో మా కాలేజీ స్టాఫ్ రూములో అర్ధసంవత్సరపు పేపర్ల కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. ప్రిన్సిపాల్ గారి గదికి బందరు నుంచి ట్రంకాల్ వచ్చిందని అటెండరు చెప్పాడు. ఫోనులో మాస్టారి పెద్దమ్మాయి. "నాన్నగారు పొద్దున్న వెళ్లిపోయారమ్మా. కాఫీ తాగి పడక్కుర్చీలో వాలారు, అంతే. నీకు తప్పకుండా చెప్పమంది అమ్మ" అంది. తిరిగొచ్చి సగంలో ఆపిన పేపరు చేతిలోకి తీసుకున్నాను గానీ మార్కు వెయ్యలేకపోయాను. నేను వేసే మార్కు న్యాయమైనదో కాదో అనుమానం వచ్చినప్పుడల్లా అడగడానికి ఇన్నాళ్లూ ఒక మనిషి ఉన్నారు.

మధ్యాహ్నం బండిలో బందరు వెళ్లాను. వాళ్లింటి ముందు వేసిన బల్లల మీద పాత శిష్యులు కూర్చుని ఉన్నారు. ప్లీడర్లు, హైస్కూలు మేష్టర్లు, ఒకరిద్దరు ఆఫీసర్లు. కాసేపు ఆయన మంచితనం చెప్పుకున్నారు. తర్వాత మాట చదువుల మీదికి మళ్లింది. "ఆ రోజుల్లో మాస్టారి చేతిలో యాభై మార్కులు పడితే ఊళ్లో చెప్పుకునేవాళ్లండీ. ఇప్పుడు వీధికో ఫస్టు క్లాసు. డిగ్రీలు బొత్తిగా తేలికైపోయాయి" అన్నారొకరు. అందరూ తలలూపారు. మాస్టారే అక్కడ ఉంటే ఆ మాటన్నాయన పక్కకి కుర్చీ జరుపుకుని, "ఎలా తెలిసిందండీ మీకు?" అని అడిగేవారు. ఎదుటివాణ్ణి నిలదీసినట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలని. ఆ ప్రశ్న కోసం ఆయన ఒకసారి ఎంత దూరం వెళ్లారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన బందరు కాలేజీలో చాలా ఏళ్లు ఫిజిక్సు చెప్పారు. పంచె మీద నల్లకోటు, కోటు జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. ఆయనకి ఏ మాటా ఊరికే వినడం చేతకాదు. అమ్మగారు, అంటే ఆయన భార్య, "ఇవాళ పాలు పల్చగా ఉన్నాయి" అంటే చాలు, "ఎలా తెలిసింది?" అనేవారు. "ఇన్నేళ్లుగా కాస్తున్నాను, ఆ మాత్రం తెలీదా" అని ఆవిడ. ఈయన కాలేజీ నుంచి లాక్టోమీటరు తెచ్చి పాలల్లో ముంచేవారు. ఆవిడ మాట నిజమైన రోజున వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పేవారు. అబద్ధమైన రోజున ఇంకా సంతోషపడేవారు. అప్పుడు ఆవిడ ఎందుకలా పొరపడిందో కనుక్కునే పని మిగిలేది కదా.

పేపర్లు దిద్దడంలో ఆయన పద్ధతులు కాలేజీ అంతా చెప్పుకునేది. పరగడుపున పేపరు ముట్టుకునేవారు కాదు. ఆకలి మీద మార్కులు తగ్గుతాయని తన మీద తనే పరీక్ష చేసి తేల్చుకున్నారట. మార్కు మొదట పెన్సిలుతో వేసేవారు. కట్ట పూర్తయ్యాక దాన్ని తిరగేసి అడుగు నుంచి పైకి మళ్లీ దిద్దేవారు. "మొదటి పేపరు దిద్దేటప్పుడు నాకు ఆశ ఎక్కువ. ఆఖరి పేపరుకొచ్చేసరికి విసుగెక్కువ. వాళ్లేం పాపం చేశారు?" అనేవారు. ఆ తర్వాతే సిరా.

నేను దివిసీమ పిల్లని. అవనిగడ్డ దగ్గర చిన్న ఊళ్లో మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజుల్లో నేను బందరు హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. చదువుతున్నాను. మా క్లాసులో ఆడపిల్లలం ముగ్గురం. మొదటి టర్మ్ పరీక్షలో మాస్టారు నాకు నలభై ఒకటి వేశారు. స్కూల్లో ఎప్పుడూ మొదటి స్థానమే వచ్చినదాన్ని. గుండె చిక్కబట్టుకుని ఆయన గదికి వెళ్లాను.

"నలభై ఒకటేనాండీ మాస్టారూ?"

"ఎంత రావాలనుకున్నావమ్మాయ్?"

"యాభై అయిదు దాకా వస్తాయనుకున్నానండీ."

"ఎలా తెలిసింది?"

ఆయన నా పేపరు మార్కులు కనబడకుండా మడిచి, పెన్సిలు నా చేతికిచ్చి, "కూర్చో. నువ్వే దిద్దు. తొందరేం లేదు" అన్నారు. నా రాత నేనే చదువుకుంటుంటే ఒక్కొక్క చోట సిగ్గేసింది. బొమ్మ వేశాను, బాణం గుర్తు పెట్టలేదు. సూత్రం రాశాను, అందులో ఏ అక్షరం దేనికో చెప్పలేదు. చివరికి నాకు నేను ముప్పయ్యారు వేసుకున్నాను. ఆయన చూసి పెద్దగా నవ్వారు. "నీకంటే నేనే నయం కదూ. నలభై ఒకటే ఉండనీ" అన్నారు.

నాకు డిగ్రీలో సెకండు క్లాసు వచ్చింది. ఆ ఏడు మా కాలేజీలో ఫిజిక్సులో ఫస్టు క్లాసు ఒక్కడికే వచ్చింది. అతన్ని చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి పెళ్లిసంబంధాలవాళ్లు వచ్చారని చెప్పుకునేవారు. నా సెకండు క్లాసు నేను వాల్తేరు మోసుకెళ్లాను, ఎమ్మెస్సీ అయ్యాక గుడివాడ తెచ్చుకున్నాను. ఎవరైనా "ఏ క్లాసండీ?" అని అడిగితే గొంతు దానంతటదే తగ్గేది.

కొన్నేళ్లు గడిచాయి. రెండేళ్ల ఇంటర్మీడియెట్ పోయి ఏడాది పి.యు.సి. వచ్చింది. మూడేళ్ల డిగ్రీ వచ్చింది. కాలేజీలు పెరిగాయి, పిల్లలు పెరిగారు, ఫస్టు క్లాసులూ పెరిగాయి. ప్రశ్నపత్రంలో ఎంచుకునే వీలు ఎక్కువైంది. బజార్లో ప్రశ్నలూ జవాబులూ అచ్చేసిన గైడ్లు అమ్మేవారు. స్టాఫ్ రూములో మా అందరిదీ ఒకే పాట. చదువు పడిపోయింది, మార్కులకి విలువ లేదు. నేనూ అనేదాన్ని. ఇంకొంచెం గట్టిగానే అనేదాన్నేమో. అప్పటికి మాస్టారు రిటైరై బందర్లోనే ఉన్నారు.

మా కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం ఖాళీ అయ్యింది. ల్యాబులో పిల్లలతో ప్రయోగాలు చేయించే పని. మా కాలేజీ కమిటీ సెక్రటరీ గారు కూడా మాస్టారి శిష్యుడే కాబట్టి సెలక్షనుకి ఆయన్నే పిలిచారు. అక్కడ ఫిజిక్సు చెప్పేదాన్ని కాబట్టి నన్నూ కూర్చోబెట్టారు. ఇద్దరు మిగిలారు. ఒకరు ప్రకాశరావు గారు, పాత పద్ధతిలో బి.ఎస్సీ., సెకండు క్లాసు. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ ల్యాబులో కొన్నేళ్లు పనిచేసి, పిల్లలకి చెప్పాలన్న కోరికతో వచ్చారు. రెండోది నాంచారమ్మ. కృత్తివెన్ను దగ్గర సముద్రం ఒడ్డు ఊరు, చేపల వేట మీద బతికే కుటుంబం. వాళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. కొత్త పద్ధతిలో ఫస్టు క్లాసు.

ఇంటర్వ్యూ అయ్యాక సెక్రటరీ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇందులో ఆలోచించేదేముంది మాస్టారూ. ఈ కాలం ఫస్టు క్లాసంటే మన కాలంలో థర్డు క్లాసు. ప్రకాశరావు గారికే ఇచ్చేద్దాం."

"ఎలా తెలిసిందండీ?" అన్నారు మాస్టారు.

"లోకమంతా అంటున్నదే కదండీ."

"అంటున్నారు. నేనూ వింటున్నాను. ఎవరైనా కొలిచారేమోనని చాలా రోజులుగా చూస్తున్నాను. ఎవరూ కొలవలేదు. మనం కొలుద్దామా?"

సెక్రటరీ గారు కాదనలేకపోయారు. గురువుగారు కదా. మాస్టారి ఆలోచన ఇది. పాత డిగ్రీ ప్రశ్నపత్రాల్లోంచి సగం, కొత్తవాటిలోంచి సగం తీసి ఒక పేపరు తయారుచెయ్యాలి. ఇద్దరూ అదే పేపరు రాయాలి. దిద్దడానికి మా చేతిరాతలు ఎరగని దూరపు ఊళ్ల లెక్చరర్లు ఇద్దరికి, పేర్లు లేకుండా, విడివిడిగా పంపాలి. "ఇద్దరి మీదే ప్రయోగం చేస్తే వాళ్లకి అన్యాయం. నేనూ రాస్తాను" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వూ రాయమ్మాయ్" అన్నారు.

"నేనెందుకండీ?" అన్నాను. పాఠం చెప్పేదాన్ని, పరీక్ష రాసి పదిహేనేళ్లు కావస్తోంది. మార్కులు తక్కువొస్తే నా క్లాసు పిల్లల మొహం ఎలా చూడాలి?

"నీ సెకండు క్లాసు ఎంత బరువుందో నీకు మాత్రం తెలుసుకోవాలని లేదూ?" అన్నారు. ఉందనే అనుకుంటాను. రాస్తానన్నాను.

ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ గదిలో నలుగురం నాలుగు మూలల కూర్చున్నాం. మాస్టారు కోటు విప్పి కుర్చీకి తగిలించి, చిన్నపిల్లవాడిలా బల్ల మీదికి వంగి రాశారు. గంటన్నర గడిచాక తలెత్తి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నాంచారమ్మ మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకోవడం చూశాను. ప్రకాశరావు గారు అదనపు కాగితాలు అడిగారు. నాకు, ఎన్నోసార్లు బోర్డు మీద చేసి చూపించిన లెక్క ఒకటి చేతికి అందలేదు.

నెల తర్వాత మార్కులు వచ్చాయి. పాత భాగంలో ప్రకాశరావు గారిది పైచెయ్యి. పేజీలకి పేజీలు వివరించి రాయాల్సిన ప్రశ్నలవి. కొత్త భాగంలో, పరమాణువు గురించీ ఎలక్ట్రాన్ల గురించీ అడిగిన చోట, నాంచారమ్మ అందర్నీ దాటేసింది. మాస్టారు అదే భాగంలో తప్పారు. ఆయన చదువుకునే నాటికి అందులో చాలా సంగతులు పుస్తకాల్లోకే ఎక్కలేదు. "నేను ఫెయిలయ్యానండీ" అని ఆయన మా అటెండరుకి కూడా చెప్పారు.

అసలు వింత అది కాదు. ఒకే పేపరుకి ఆ ఇద్దరు లెక్చరర్లూ వేసిన మార్కుల్లో పొంతన లేదు. నాంచారమ్మకి ఒకాయన అరవై ఆరు వేస్తే రెండో ఆయన యాభై రెండు వేశారు. నాకు ఒకాయన అరవై రెండు, ఇంకొకాయన నలభై ఏడు. ఒక్క మధ్యాహ్నం రాసిన రాతకి నాకు ఫస్టు క్లాసూ వచ్చింది, థర్డు క్లాసూ వచ్చింది. ఇన్నేళ్లు నేను గొంతు తగ్గించి చెప్పుకున్న సెకండు క్లాసు ఎవరి చేతిలో పడితే వచ్చిందో, ఆయన ఆ పూట అన్నం తిన్నారో లేదో. ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. వీపు మీదినుంచి ఎవరో మూట దించినట్టు మాత్రం అనిపించింది.

"ఇంతకీ తేలిందేమిటి మాస్టారూ?" అని అడిగారు సెక్రటరీ గారు.

"చదువు తగ్గిందో పెరిగిందో తేలలేదండీ. మనకి తెలియదన్నది తేలింది. అదేం చిన్న విషయం కాదు." మార్కుల కాగితం మడుస్తూ అన్నారు. "మా రోజుల్లో ఒక పేపరుకి అరవై వెయ్యడమంటే దిద్దేవాళ్లకి నామోషీ. అంత తెలిసినవాడు తన తర్వాత పుట్టాడని ఒప్పుకోవాలి కదా. ఇప్పటివాళ్లకి ఆ నామోషీ లేదు. అది పోవడం మంచిదో చెడ్డదో నేను చెప్పలేను."

"మరి ఉద్యోగం ఎవరికిద్దాం?"

"ఉద్యోగం రాయడానికి కాదు కదా. ల్యాబుకి పదండి."

స్పెక్ట్రోమీటరు అని ఒక పరికరం ఉంటుంది. గాజు పట్టకంలోంచి కాంతిని పంపి అది ఎంత వంగిందో దూరదర్శినిలాంటి గొట్టంతో చూసి కొలవాలి. గొట్టం సరిచేసుకోవడమే కష్టం, తర్వాత కొలత తేలిక. ప్రకాశరావు గారు ఫ్యాక్టరీలో చెరకు రసంలో పంచదార ఎంతుందో రోజూ కాంతితో కొలిచిన మనిషి. మరలు మెల్లగా తిప్పి, కాసేపట్లో కాంతి గీత తెచ్చి చూపించారు. నాంచారమ్మ పరికరం ముందు నిలబడిపోయింది. చెయ్యి మర దాకా వెళ్లి ఆగింది.

"ఏమ్మా?" అన్నారు మాస్టారు.

"నేనిది ఎప్పుడూ తిప్పలేదండీ" అంది. "మా కాలేజీలో ఇదొక్కటే ఉండేది. బ్యాచీకి ఎనిమిది మందిమి. ముందు నిలబడ్డ మగపిల్లలు తిప్పేవారు. వాళ్లు చెప్పిన రీడింగులు నేను రాసుకునేదాన్ని. లెక్క మాత్రం నాదే అయ్యేదండీ, అందరూ నాది చూసి వేసుకునేవారు."

"మరి ప్రాక్టికల్ పరీక్షలో?"

"చీటీ తీస్తే నాకు లోలకం ప్రయోగం వచ్చిందండీ."

సెక్రటరీ గారి మొహంలో నేను చెప్పలేదా అన్న భావం కదిలింది. నాంచారమ్మ తలెత్తి సూటిగా మాస్టారినే అడిగింది. "అయితే నా ఫస్టు క్లాసు దండగేనాండీ?"

ఆయన జవాబు కోసం నేనూ అంతే ఆత్రంగా చూశాను. "కాదమ్మా. నిన్ను అడిగినవాటికి నువ్వు జవాబు రాశావు. దానికి ఆ మార్కులు నీవే, ఎవరూ దానం చెయ్యలేదు. మేం అడగనిదానికి నువ్వు జవాబెలా రాస్తావు? తగ్గిందేదైనా ఉంటే మా అడగడంలో తగ్గింది."

ఉద్యోగం ప్రకాశరావు గారికే ఇచ్చారు. మాస్టారే అలా చెప్పారు. అప్పుడు నాకు కొంచెం బాధ వేసింది. అంత మాట అన్నవారు ఆ పిల్లకే ఇప్పిస్తారేమోనని ఆశపడ్డాను. బయటికొచ్చాక అదే అడిగాను. "రేపు ఆ మర ముందు నిలబడేది ఇంకో పిల్ల. దానికి తిప్పడం చూపించేవాళ్లు కావాలి కదా" అన్నారు. కానీ ఆయన అక్కడితో వదిలిపెట్టలేదు. నాంచారమ్మ బస్సు ఎక్కబోతుంటే ఆపి, "బందర్లో మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగారు. గిలకలదిండిలో మేనత్త ఉందని చెప్పింది ఆ పిల్ల.

ఆ వేసవి సెలవుల్లో తన పాత కాలేజీవాళ్లని అడిగి ల్యాబు తాళాలు తీయించారు. నేను ఒకసారి చూడ్డానికి వెళ్లాను. ఎండ మాడిపోతోంది. తలుపులన్నీ వేసిన గదిలో నాంచారమ్మ గొట్టానికి కన్ను ఆనించి మర తిప్పుతోంది. మాస్టారు దూరంగా ఎత్తుపీట మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు.

"గీత జారిపోతందండీ మాస్టారూ."

"జారిపోనీ. ఎటు జారింది?"

"ఎడం పక్కకండీ."

"ఎందుకని?"

"తెలీదండీ."

"అయితే మళ్లీ జార్చు. ఈసారి కావాలని జార్చి చూడు."

ఆ పిల్ల నవ్వింది. నేను వెళ్లి సాయం చెయ్యబోతే ఆయన విసనకర్ర అడ్డంపెట్టి నన్ను ఆపారు. పక్క ఊరి కాలేజీలో మరుసటేడు డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం పడితే నాంచారమ్మకి వచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉంది. వాళ్ల ల్యాబులో బ్యాచీకి ఇద్దరే ఉండాలని ప్రిన్సిపాల్‌తో పోట్లాడుతోందని విన్నాను. మాస్టారు పోయిన రోజున ఆవిడ కూడా వచ్చింది. అమ్మగారి కాళ్ల దగ్గర కూర్చుంది.

ఇంత జరిగాక నేను ఫస్టు క్లాసుల గురించి వెనకటిలా మాట్లాడటం మానేశాను. అంటే సంగతి తేలిపోయిందని కాదు. కొన్ని తేలికయ్యాయి, అది నిజం. గైడు బట్టీపట్టి గట్టెక్కేవాళ్లని నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. కొన్ని కష్టమయ్యాయి, అదీ నిజమే. నాంచారమ్మలాంటి పిల్లలు మా రోజుల్లో పరీక్ష హాలు దాకా వచ్చేవారే కాదు. వాళ్లని లెక్కలోకి తీసుకుంటే ఆ పాత ఫస్టు క్లాసు ఎంతమందిలో మొదటిదో నాకు తెలియదు. ఇప్పుడు పేపరు దిద్దే ముందు నేను చేసే పని, ప్రశ్నపత్రం తీసి నేను ఏం అడిగానో, ఏం అడగలేదో చూసుకోవడం. భోంచేసి మరీ.

ఆయన్ని చివరిసారి చూసింది పోయిన వేసవిలో, డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజున. ఏదో పని మీద బందరు వెళ్లి ఆయన్ని పలకరిస్తే, "కాలేజీ దాకా వస్తావా" అన్నారు. అప్పటికి నడక తగ్గింది. నా భుజం పట్టుకుని నడిచారు. కాలేజీ వరండాలో బోర్డుకి ప్యాసైనవాళ్ల నంబర్లు అంటించారు. పిల్లలు తోసుకుంటున్నారు. తన నంబరు పక్కన ఫస్టు క్లాసని చూసుకున్న కుర్రాడొకడు కేక పెట్టాడు. స్నేహితులు వాణ్ణి ఎత్తుకున్నారు. మాస్టారు వెనక నిలబడి, మెడ చాచి, అన్నీ వింటున్నారు. ఎండ వాలేదాకా కదల్లేదు.

అందరూ వెళ్లిపోయాక బోర్డు దగ్గరికి వెళ్లారు. ఎవరి నంబరు కోసమండీ అని అడిగాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసి కాగితానికి దగ్గరగా వంగారు. చూపుడువేలు నంబర్ల మీద మెల్లగా జరిగింది. ఒక నంబరుకీ దాని తర్వాతి నంబరుకీ నడుమ మూడు నంబర్లు లేవు. వేలు అక్కడ ఆగింది. "వీళ్లు ఏం రాసుంటారో" అన్నారు, నాతో కాదు. నంబర్ల నడుమ కాగితం తెల్లగా ఉంది. ఆయన వేలు ఆ తెలుపు మీద అలాగే ఆనించి ఉంచి, ఏదో చదువుతున్నట్టు నిలబడ్డారు.